నల్లబడింది, మార్చేయండి

కొత్త కారు కొన్నవాడికి మొదటి వారంలోనే రెండు సంగతులు తెలిసొస్తాయి. ఒకటి, తాను కొనాల్సిన రంగు ఇది కాదని. రెండు, తనకు తెలిసినవాళ్ళలో ఇంజన్ ఆయిల్ గురించి తెలియనివాడు ఒక్కడూ లేడని. గుండెలో నొప్పిగా ఉందంటే 'డాక్టర్ని కనుక్కో' అని ఊరుకునే పెద్దమనిషి కూడా, ఆయిల్ ఎప్పుడు మార్చాలని అడిగితే క్షణం తటపటాయించడు. 'వెయ్యి కిలోమీటర్లకి తీసేయ్, ఆ తర్వాత అయిదు వేలకోసారి' అంటాడు. పక్కనున్నాయన 'అయిదా? మూడు!' అంటాడు. ఆ రెండు అంకెల మధ్య వాళ్ళకు ఎంత గొడవైనా, నన్ను జాలిగా చూడటంలో మాత్రం ఒక్కటైపోతారు.

దీని మీద నేను చాలాకాలం ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆయిల్ విషయంలో మనం వినాల్సింది మనుషుల మాట. కారుతో పాటు ఇచ్చే మాన్యువల్ జోలికి పోకూడదు.

మాన్యువల్ అంటే, డాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్స్ కాగితాల కింద, కవరైనా విప్పకుండా పడి ఉండే లావుపాటి పుస్తకం. ఆ ఇంజన్ని తయారుచేసినవాళ్ళు రాశారన్న ఒక్క అర్హత తప్ప దానికి మరే అర్హతా లేదు. పైగా అందులో రాసేవి మనుషుల మధ్య తగాదాలు పెట్టే రాతలు. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 నుంచి 15,000 కిలోమీటర్లు, లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. కొన్ని ఇంజన్లకైతే, వాటికని చెప్పిన ప్రత్యేకమైన ఆయిల్ వాడితే, 30,000 దాకా కూడా వెళ్ళొచ్చంటారు. ఇన్నేళ్ళుగా 'అయిదు వేలు' అని నలుగురికీ చెబుతూ వచ్చిన మనిషి ఇది చదివితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ అయిదు వేలు ఊరికే పుట్టింది కాదు, న్యాయంగా చెప్పుకోవాలి. మైళ్ళలో లెక్కపెట్టేవాళ్ళ 3,000 మైళ్ళు అంటే దాదాపు అదే. అవి ముడిచమురును శుద్ధి చేసి తీసే మినరల్ ఆయిల్ రోజులు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ తనకు తోచినంత పెట్రోలు పోసేది. చల్లటి ఇంజన్‌లో కాలకుండా మిగిలింది పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలిసేది. ఆయిల్ త్వరగా చెడిపోయేది, త్వరగా మార్చేవాళ్ళు. ఆ తర్వాత ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి, ఇనుము చెక్కే యంత్రాలు మెరుగుపడ్డాయి, ఎక్కువకాలం నిలిచే సింథటిక్ ఆయిల్ వచ్చింది. ఇంజన్ మారింది, ఆయిలూ మారింది. మారనిది అంకె ఒక్కటే. ఇచ్చిన మాట మీద నిలబడేవాళ్ళు కరువైన ఈ కాలంలో అలాంటిదాన్ని వదులుకోమనడానికి నాకు నోరు రాదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ తీసేయాలన్న నియమమూ అంతే గౌరవనీయమైనది. కొత్త ఇంజన్ అరిగి ఇనుప రజను రాలుతుందట. ఒకప్పుడు నిజంగానే బాగా రాలేది. ఇప్పుడు సిలిండర్ గోడల్ని ఎంతో నునుపుగా తీరుస్తున్నారు, రాలే కొద్దిపాటి రజనుకు ఆయిల్ ఫిల్టర్ ఉండనే ఉంది. ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌ని తొందరపడి తీయొద్దని కొన్ని కంపెనీలు పనిగట్టుకుని చెబుతాయి కూడా. కానీ కంపెనీవాడే వద్దంటున్నాడంటే, ఏదో ఉన్నట్టే కదా?

ఇక పరీక్ష సంగతి. నిపుణుడు బానెట్ ఎత్తుతాడు. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, లాగుతాడు. బొట్టు ఆయిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు. కళ్ళు సగం మూస్తాడు. ఒక నిట్టూర్పు. 'నల్లబడింది, మార్చేయండి.' ఇంత తక్కువ సరంజామాతో రోగం తేల్చే శాస్త్రం ఇంకొకటి లేదు. ఆయిల్‌లో మసిని కడిగి తనలో పట్టి ఉంచే రసాయనాలు ఉంటాయనీ, అవి పనిచేస్తే ఆయిల్ నల్లబడక తప్పదనీ, డీజిల్ ఇంజన్‌లోనైతే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుందనీ ఎవరైనా అంటే పట్టించుకోకండి. బట్టలు ఉతికిన నీళ్ళు మురికిగా ఉన్నాయని సబ్బును తిట్టే స్వేచ్ఛ మనకుంది.

కొన్ని కార్లు ఆయిల్ ఆయుష్షు ఇంకా ఇంత శాతం ఉందని తెర మీద చూపిస్తాయి. చాలావాటిలో ఆ లెక్క ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడెక్కింది అన్నవాటి మీద నడుస్తుంది. ఆయిల్‌ని ఒక్కసారైనా వేళ్ళ మధ్య రుద్ది చూడని యంత్రం మాట ఎవరు నమ్ముతారు?

ఆ పుస్తకంలో నన్ను నిజంగా బాధపెట్టిన పేజీ వేరే ఉంది. 'కఠినమైన వాడకం' అని ఒక పట్టిక. అలా వాడేవాళ్ళు ఆయిల్ ఇంకా ముందే మార్చాలి. కఠినమంటే ఎడారుల్లో పరుగులు, కొండల మీద బరువులు అనుకుంటాం. బరువులు లాగడం, దుమ్ము రోడ్లు ఉన్నాయి నిజమే. వాటి పక్కనే ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడపడం, రోజూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళి ఆపేయడం కూడా ఉన్నాయి. కారుకు గుడ్డ కప్పి, ఆదివారం మాత్రమే తీసి, మిగతా రోజుల్లో పొద్దున్నే అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి 'ఆరోగ్యానికి మంచిది' అని ఆపేసే మా బాబాయి, ఆ లెక్కన కఠినాత్ముడు. ఆ అయిదు నిమిషాల్లో ఆయిల్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు, ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆయన ఏడాదికి మూడు వేలు కూడా తిప్పడు. 'పది వేలకు ఇంకా చాలా ఉంది' అని రెండేళ్ళుగా మురిసిపోతున్నాడు. 'లేదా ఏడాది' అన్న ముక్క ఆయనకు చదివి వినిపించాను. 'తిరగని కారుకు ఏడాదేమిట్రా' అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

అన్నట్టు, ఆయిల్ ఎంత ఉందో అప్పుడప్పుడు చూసుకోమని కూడా రాశారు. బండిని సమంగా ఉన్నచోట ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్ళీ ముంచితే రెండు గీతల మధ్య ఉండాలట. తక్కువైతే ఇంజన్‌కు ముప్పు, మరీ ఎక్కువైతే నురగ. మూడు వేలకోసారి ఆయిల్ మార్చే నిష్ఠాపరుల్లో ఈ గీతలు చూసినవాణ్ణి నేనింకా కలవలేదు. ఖర్చు లేని పనికి మర్యాద ఉండదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఒకరోజు వాన తగ్గేదాకా కార్లో కూర్చోవాల్సి వచ్చింది, ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఆ బలహీన క్షణంలో కవరు చింపాను.

మర్నాడే ఆఫీసులో కొత్తగా కారు కొన్న కుర్రాడు వచ్చి, 'సార్, ఆయిల్ ఎన్ని వేలకు మార్చాలి?' అని అడిగాడు. 'నీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, చూడు' అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. పెద్దవాడు, తెలిసీ చెప్పట్లేదు అనుకున్నట్టున్నాడు. నేరుగా మా అకౌంట్స్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆయనకు కారు లేదు.

సాయంత్రం లిఫ్ట్ దగ్గర ఎదురై, నా మీద కోపమేమీ లేదన్నట్టు నవ్వి, 'మూడు వేలట సార్' అని చెప్పి వెళ్ళాడు.