తడిసి మోపెడైన హామీ

అండమాన్‌లో పర్యావరణం మీద హామీ ఇవ్వదలచుకున్న కంపెనీ ఏదైనా జనవరి, ఏప్రిల్ మధ్యలోనే ఇచ్చేసుకోవాలి. ఆ నాలుగు నెలల్లో వాన అరుదు. రాలిన ఆకు గలగలమంటుంది, కొబ్బరి పొట్టు వేళ్ల సందుల్లోంచి పొడిగా జారుతుంది, ఏ చెత్త ఎక్కడ పోసినా బుద్ధిగా ఎరువైపోతుంది. స్వరాజ్ ద్వీప్‌లో (2018 దాకా హేవ్‌లాక్ అనేవారు) ఎనిమిది గుడిసెల రిసార్టు నడుపుతున్న ఒక విశాఖ ఓనరుగారు అందుకే ఫిబ్రవరిలో గేటు పక్కన పచ్చ బోర్డు పాతించారు: ‘మా వంటింటి తడి చెత్త ఈ గేటు దాటదు.’ అదే ద్వీపంలోని రాధానగర్ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ జెండా గుర్తింపు వచ్చింది. మనకి జెండా రాకపోతే పోనీ, బోర్డయినా ఉండాలి కదా అని ఆయన ఉద్దేశం.

ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అక్కడ పప్పు దగ్గర్నుంచి పళ్లపొడి దాకా చాలా సరుకు ఓడెక్కి రావలసిందే. విశాఖ నుంచో చెన్నై నుంచో కోల్‌కతా నుంచో పోర్ట్‌బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, అక్కడి నుంచి ఇంకో పడవలో ద్వీపానికి. సరుకుతో పాటు అట్టపెట్టె, సీసా, సంచీ కూడా వస్తాయి గానీ తిరుగు టిక్కెట్టు ఎవరూ కొని పంపరు. కనీసం తొక్కలూ మిగిలిన కూరలూ ఇక్కడే మట్టిలో కలిపేస్తే బరువు కొంత తగ్గుతుంది.

ఏర్పాటు కూడా శాస్త్రోక్తంగానే జరిగింది. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, చుట్టూ అరజానెడు దూరానికొకటిగా 10 మిల్లీమీటర్ల కన్నాలు, అడుగున ఊట నీరు పోవడానికి కుళాయి, కింద ఇటుకలు. బకెట్టు తడి చెత్తకి రెండు బకెట్ల ఎండు సరుకు వేయాలని గోడ మీద బొగ్గుతో రాశారు. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఒక పాలు నత్రజనికి కర్బనం పదిహేను పాళ్లో అంతకు కాస్త అటూ ఇటూనో ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు పాతిక నుంచి ముప్పై పాళ్లు కావాలి. ఆ లోటు తీర్చేది ఎండుటాకు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు. తేమ చూడాలంటే పిడికెడు తీసి గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు. ధార కడితే అది కంపోస్టు కాదు, పులుసు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో పిండితే చుక్కలే పడ్డాయి. రెండు రోజులకోసారి కర్రతో కలియబెట్టడం, అతిథుల చేత మూత తీయించి ‘వాసన చూడండి, అడవి మట్టి వాసన’ అనడం, వాళ్లు ఫొటోలు తీసుకోవడం. ఆ ఊపులో ఓనరుగారు మొక్కజొన్న పిండి నుంచి తీసిన ప్లాస్టిక్‌తో చేసిన చెంచాలు కూడా తెప్పించారు. ప్యాకెట్టు మీద ‘మట్టిలో కలిసిపోతుంది’ అని ఉంది. వాడిన చెంచాలన్నీ డ్రమ్ములోకే వెళ్లాయి.

మే మూడో వారం వచ్చేసరికి నైరుతి దిగింది. ఆ ద్వీపాల్లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా పడుతుంది, హైదరాబాదులో అంత వాన కురవాలంటే మూడేళ్లు దాటాలి. ఎండు సరుకు గుట్ట మీద కప్పు లేదు. కొబ్బరి పొట్టు గుణం తెలిసినవాళ్లకు ఇక్కడే గుండె జారాలి. తన బరువుకు ఎన్నో రెట్ల నీరు తాగి, పైకి మాత్రం ఏమీ తాగనట్టు అమాయకంగా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన వంటమాస్టరు గోడ మీది లెక్క పొల్లుపోకుండా పాటించాడు. బకెట్టుకు రెండు బకెట్లు. వాటిలో సగానికి సగం వాన నీరన్నది గోడ మీద రాసి లేదు.

డ్రమ్ములో గాలి ఆడే ఖాళీలన్నీ నీటితో నిండాయి. గాలి కావలసిన సూక్ష్మజీవులు పోయాయి, అక్కర్లేనివి కాపురం పెట్టాయి. వాటి ఇంటి వాసన కుళ్లిన గుడ్డు వాసన. అడుగు కుళాయిలో గంజి, మెతుకులు అడ్డుపడి ఊట ఆగిపోయింది. మూడో రోజుకి నాలుగో నంబరు గుడిసె వాళ్లు గ్యాసు లీకవుతోందని కబురు పెట్టారు.

‘మాస్టారూ, ఏం వేశారందులో?’

‘మీరు రాసిందే ఏసినాను బాబూ. నాను కొత్తగా ఏటీ ఎయ్యలేదు.’

వాసనకు సున్నం విరుగుడని ఎవరో చెప్పగా ఓనరుగారు ఒక్కో డ్రమ్ములో రెండేసి కిలోలు కుమ్మరించారు. సున్నం పడేసరికి చెత్తలో కరిగి ఉన్న నత్రజని కాస్తా అమ్మోనియా అయి పైకి లేచింది. కొండనాలుకకు మందు వేస్తే ఏం జరుగుతుందో కళ్లు మండుతుండగా అందరూ చూశారు. పైగా ఎరువులో ఉండవలసిన బలం గాలికి పోయింది. కుళ్లు వాసన వస్తే సున్నం కాదు, ఎండు సరుకూ గాలీ కావాలి.

అప్పుడొచ్చాయి నత్తలు. మామూలువి కావు, పిడికిలంత ఉండే ఆఫ్రికా రాకాసి నత్తలు. 1942 నుంచి 1945 దాకా అండమాన్‌ని ఏలిన జపాన్ సైన్యం వాటిని తెచ్చింది. సైన్యం వెళ్లిపోయింది, నత్తలు ఉండిపోయాయి. ఒక్కోటి ఆడా మగా రెండూ తానే, ఒక్క కాన్పుకి వందకు పైగా గుడ్లు పెట్టగలదు. కుళ్లిన బొప్పాయి తొక్కంటే ప్రాణం. చిప్ప పెరగాలంటే కాల్షియం కావాలి కాబట్టి డ్రమ్ములోని గుడ్డు పెంకులు, వెనక గోడకు కొట్టిన పాత వెల్లసున్నం కూడా గీకి తింటాయి. ఇక కన్నాల సంగతి: పది మిల్లీమీటర్లన్నది గాలికి సరైన కొలతే. అప్పుడే పుట్టిన పెసరగింజంత నత్తకూ సరైన కొలతే. లోపలికి దూరి, తిని, నిమ్మకాయంత అయ్యాక బయటికి దారుండదు. దారి ఉన్నా అంత మేత వదిలి అవి ఎందుకు వెళ్తాయి?

ఇవేవీ ఆపలేనిది ‘హరిత దర్శనం’ అనే సాయంకాల కార్యక్రమం. అండమాన్ బాగా తూర్పున ఉండి మన గడియారమే వాడుతుంది కాబట్టి ఆరు దాటేసరికి చీకటే. వాన వెలిసిన చీకటి నత్తలకు తిరునాళ్ల వేళ. ఓనరుగారు టార్చి వేసేసరికి నీలం డ్రమ్ము నీలంగా లేదు, గోధుమరంగులో మెల్లగా కదులుతోంది.

‘ఇవి కూడా మీ ప్రాజెక్టులో భాగమేనా?’ అని అతిథుల్లో ఒకావిడ అడిగారు.

‘అవునండీ, స్థానిక జీవవైవిధ్యం.’

వెనకనుంచి మాస్టరు: ‘స్థానికం ఏటి బాబూ, ఇయ్యి జపానోడు ఒగ్గీసినవి గదా!’

మర్నాడు రెండు డ్రమ్ములూ టార్పాలిన్ మీద బోర్లించారు. వానాకాలంలో ఎండు సరుకు చెట్టు కింద దొరకదు, గోడౌన్లో దొరుకుతుంది. ఓడలో వచ్చిన అట్టపెట్టెలు. టేపు ఊడదీసి, మెరుపు పూత ఉన్నవాటిని పక్కన పెట్టి, తక్కినవి అరచేయంత ముక్కలు చింపి, పిడికిట పిండితే ధార ఆగేదాకా కలపాలి. డ్రమ్ములు రేకు కప్పు కిందికి, కన్నాల మీదికి రెండు మిల్లీమీటర్ల స్టీలు జాలీ. డ్రమ్ము మూడొంతులకు మించి నింపితే కలియబెట్టడానికి చోటుండదు. చేప ముళ్లు, కోడి ఎముకలు అసలు వేయకూడదు. గుట్ట బాగా వేడెక్కాలంటే ఘనమీటరు దాకా సరుకుండాలి, డ్రమ్ము అందులో అయిదో వంతు. కొబ్బరి చిప్పలు పొయ్యికే మేలు.

నత్తలకు తడి గోనెసంచి, దాని కింద క్యాబేజీ ఆకులు. సాయంత్రం పరిస్తే పొద్దున్నకి కిందికి చేరి ఉంటాయి. ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, మనిషి మెదడు దాకా పాకే ఒక రకం నులిపురుగు వాటిలో ఉండొచ్చు. గ్లవుజులతో ఏరి చిక్కటి ఉప్పునీళ్ల బకెట్టులో వేసి, తర్వాత గోతిలో పూడ్చాలి. ఉప్పు నేరుగా డ్రమ్ములోనో మడిలోనో చల్లితే నత్తతో పాటు మొక్కా పోతుంది.

ఆగస్టుకి ఒక డ్రమ్ము తయారైంది. నల్లగా, పొడిపొడిగా, నిజంగానే అడవి మట్టి వాసన. మాస్టరు జల్లెడ పట్టాడు. మట్టి కిందికి దిగింది, చెంచాలు పైన మిగిలాయి. వంపు పోలేదు, మెరుపు తగ్గలేదు, ‘మట్టిలో కలిసిపోతుంది’ అని పిడి మీద అచ్చేసిన అక్షరాలు చత్వారం ఉన్నవాళ్లు కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ రకం చెంచా మట్టిలో కలవాలంటే పెద్ద ప్లాంటులో 60 డిగ్రీల వేడి వారాల తరబడి తగలాలి. అంత వేడి ఈ డ్రమ్ముకి ఏనాడూ పుట్టలేదు.

ఓనరుగారు చూడటానికి వచ్చేలోపు మాస్టరు వాటిని చింతపండు పెట్టి తోమి వరసగా ఆరబెట్టాడు.

‘సెక్కు సెదరనేదు బాబూ. కొత్తయి కొనొద్దు, సీజనుకి ఇయ్యే సరిపోతాయి.’