పాలపుంత చరిత్ర ముసలి నక్షత్రాల దగ్గరే ఉంది

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ నుంచి కొత్త ఫొటో వస్తే చాలు, ఎక్కడ చూసినా అదే హడావుడి. అదే, నక్షత్రాల స్థానాలు, వేగాలు కొలిచే గయా వ్యోమనౌక 2025 జనవరిలో పరిశీలనలు ముగిస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇది అన్యాయం. మన పాలపుంత ఎలా పెరిగిందన్న ప్రశ్నకు గయా చెప్పినంత జవాబు మరే పరికరమూ చెప్పలేదు.

సూర్యుడికన్నా తేలికైన నక్షత్రాలు నిదానంగా మండుతాయి. వెయ్యి కోట్ల ఏళ్ల కిందట పుట్టినవి ఇప్పటికీ వెలుగుతున్నాయి. తాము పుట్టిన వాయుమేఘంలో ఏ మూలకాలున్నాయో ఆ ఆనవాళ్లు వాటి పైపొరల్లో చాలావరకు చెరగకుండా ఉంటాయి. భారీ నక్షత్రాలు త్వరగా పేలి మెగ్నీషియం, ఆక్సిజన్ వెదజల్లుతాయి. ఇనుములో పెద్ద భాగం తెల్ల మరుగుజ్జుల (ఇంధనం అయిపోయాక మిగిలిన నక్షత్రాల గుండెల) పేలుళ్ల నుంచి ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎంతుందో లెక్కగడితే, ఆ నక్షత్రం పుట్టినచోట నక్షత్రాల తయారీ ఎంత జోరుగా సాగిందో తెలిసిపోతుంది. చిన్న గెలాక్సీ నుంచి వచ్చిందైతే ఈ లెక్క తేడాగా ఉండి పట్టిచ్చేస్తుంది.

2018లో జరిగింది అదే. గయా కొలిచిన వేగాలకు, నక్షత్రాల కాంతి నుంచి వాటిలోని మూలకాలను లెక్కగట్టే అపోజీ సర్వే రసాయన వివరాలు జోడించి ఖగోళ శాస్త్రవేత్త అమీనా హెల్మీ బృందం ఒక గుంపును గుర్తించింది. దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట పాలపుంత మింగేసిన గెలాక్సీ తాలూకు నక్షత్రాలవి. మింగేసి ఇంతకాలమైనా వాటి నడకలోని తేడా చెరిగిపోలేదు. మరో ఖగోళ శాస్త్రవేత్త బెలోకురోవ్ బృందం కూడా వేరే దారిలో ఈ రెండు గెలాక్సీలు ఢీకొన్న సంగతినే కనిపెట్టింది. ఒక్క అందమైన ఫొటో కూడా లేకుండా ఇంత పెద్ద సంఘటన బయటపడిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నక్షత్రాల వయసు లెక్కల్లో పొరపాట్లు ఎక్కువ, వెబ్ అయితే ఎంతో దూరం నుంచి ఆలస్యంగా చేరే కాంతిని పట్టి గతాన్ని నేరుగానే చూస్తుంది కదా అంటారు కొందరు. వయసుల సంగతి నిజమే. కానీ వెబ్ చూసేది ఇతర గెలాక్సీల బాల్యాన్ని. మన గెలాక్సీ బాల్యం దానికి ఎప్పటికీ దొరకదు.

అసలు గయా గొప్పతనం ఇంకొకటుంది. దాదాపు 200 కోట్ల నక్షత్రాల డేటాను ఎవరికీ ముందస్తు హక్కు లేకుండా ఒకేరోజు అందరికీ ఇచ్చేశారు. వెబ్‌లో మాత్రం చాలా పరిశీలనలు ఏడాదిపాటు వాటిని ప్రతిపాదించిన బృందం చేతిలోనే ఉంటాయి. శ్రమపడ్డవాళ్లకు ఆ వ్యవధి ఇవ్వాలన్న వాదన ఉంది. ప్రజల డబ్బుతో నడిచే టెలిస్కోప్‌కు అది చెల్లదు. ఆ ఏడాది గడువును ఎత్తేయాలి.