పచ్చజెండా గారికి, బస్టాపు నుంచి

పచ్చజెండా గారూ, నమస్కారం.

మీరు నన్ను ఎరగరు. నేను మాత్రం మిమ్మల్ని బాగా ఎరుగుదును. హైదరాబాద్‌కు కొత్త ఎలక్ట్రిక్ బస్సులు వచ్చిన ప్రతిసారీ మర్నాడు పేపర్లో కనిపించేది మీరే కదా, ఓ పెద్దాయన చేతిలో, సగం గాలికి ఎగిరి, సగం పక్కాయన మొహానికి అడ్డం పడి. వెనకాల బస్సు కూడా ఉంటుందనుకోండి, బంతిపూల దండల సందులోంచి.

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పొగ రాని బస్సుకు హారతి కర్పూరం పొగ చూపించడం మీద నాకేం కోపం లేదు, కొత్త బండికి ఆ మాత్రం చెయ్యకపోతే మా అమ్మ కూడా ఊరుకోదు. కానీ అదే టైములో డిపో గేటు బయట బారులు తీరిన డీజిల్ కార్లు, స్పీచులు అయ్యేదాకా ఇంజన్ ఆపకుండా, లోపల ఎవరూ లేకపోయినా ఏసీ ఆన్‌లో పెట్టుకుని ఎదురుచూస్తుంటాయి చూశారూ, వాటి వైపు ఒక్కసారి తిరిగి ఊగకూడదా మీరు?

సరే, మీ హాజరు పట్టీ తీద్దాం. 2019 మార్చిలో 40 బస్సులకు ఊగారు. తర్వాత నాలుగేళ్లు ఇటువైపు రాలేదు, మధ్యలో కరోనా ఉంది కాబట్టి క్షమించేశాం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు, అంటే కరెంటు కార్ల పందెం, ఉందని దానికి ముందు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు దిగాయి, మూడు. అదే ఏడు మే నెలలో విజయవాడ రూటుకు 10. సెప్టెంబరులో గచ్చిబౌలిలో 25. 2024 మార్చిలో 22. నిజాం రైల్వే వాళ్లు 1932లో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడే వాళ్ల దగ్గర 27 బస్సులు ఉన్నాయండీ! వాటికి పందిరి ఎంత పెద్దది వేశారో మరి.

లెక్క చిన్నదని కాదు నా బాధ, వరస చూడండి. ఆ మొదటి 40 ఎయిర్‌పోర్టు ఏసీ బస్సులు. గచ్చిబౌలివి కూడా ఏసీవే, ఐటీ కారిడార్‌కు. అంటే డీజిల్ పొగ ఎవరికి తక్కువ తగులుతుందో వాళ్ల దగ్గరకే ముందు వెళ్లారు మీరు. కోఠిలో, మెహిదీపట్నంలో గంటలు గంటలు నిలబడి, ముందు ఆగిన బస్సు కదిలినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునే ఆడవాళ్ల దగ్గరకు రావడానికి మీకు అయిదేళ్లు పట్టింది. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది కదా, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాళ్లకు జీరో టికెట్. ఏసీ బస్సుకు అది చెల్లదు. కాబట్టి జీరో టికెట్ ఒక బస్సులో, జీరో పొగ ఇంకో బస్సులో తిరిగాయి కొన్నాళ్లు. నాన్ ఏసీ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లుగా ఆ 22 వచ్చాకే రెండూ ఒక చోట కలిశాయి. ఆ రోజు మీరు ఊగినందుకు మాత్రం మనస్ఫూర్తిగా థాంక్స్.

ఇప్పుడు కేంద్రం వారి పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద మన ఊరికి 2,000 బస్సులు కేటాయించారు. సంతోషమే, కానీ మీ పాత పద్ధతిలో ఒక్కో విడతకు 25 చొప్పున ఊగితే 80 సభలు, 80 శాలువాల బేరం. చైనాలో షెన్‌జెన్ అనే ఊరు 2017 చివరికల్లా తన 16,359 బస్సుల్నీ కరెంటు మీదకు మార్చేసింది, మన లెక్కన అయితే 655 సభలు కావాలి, మీ కర్ర విరిగిపోను.

అసలు పని మీరు ఊగని చోట ఉందండీ. డిపోకు పెద్ద కరెంటు లైను లాగాలి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, రాత్రి బస్సులన్నీ ఒకేసారి చార్జింగ్‌కు కూర్చుంటే లోడు తట్టుకోవాలి. డీజిల్ అయితే ట్యాంకు నింపుకుని పది నిమిషాల్లో పోతుంది, ఇది గంటల వ్యవహారం, పార్కింగ్ జాగా నుంచి డ్యూటీ చార్టు దాకా అన్నీ మళ్లీ రాసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎవరైనా జెండా ఊపగా చూశారా? డబ్బు సంగతి ఇంకో కథ. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, కండక్టరు మాత్రం ఆర్టీసీ, తిరిగిన కిలోమీటరుకు ఇంత అని కంపెనీకి కట్టాలి. ఆర్టీసీలు టైముకు కట్టకపోతే ఎలా అని 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్లతో ఒక పూచీ పథకమే పెట్టింది, పెళ్లికి ముందే భరణం లెక్క రాసుకున్నట్టు. నవ్వుతున్నాను గానీ తెలివైన పనే అది.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. పాత బస్సు వస్తుంటే సందు చివర నుంచే గుండెలదిరేది, ఫోన్‌లోంచి తల ఎత్తడానికి అదే నాకు అలారం. మొన్న ఎలక్ట్రిక్ బస్సు పిల్లిలా వచ్చి, ఆగి, తలుపులు తెరిచి, మూసుకుని వెళ్లిపోయింది. నేను రీల్స్ చూస్తూ బస్సు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. పక్కన ఉన్న ముసలాయన "బాబూ, పోయింది" అన్నాడు, ఎవరో పోయారనుకున్నాను.

"ఆ కరెంటు మాత్రం ఎక్కడిది, పాల్వంచ థర్మల్ కేంద్రంలో కాల్చే బొగ్గేగా" అని మా ఆఫీసులో ఒకాయన రోజూ అంటాడు. నిజమే, పొగ అక్కడ పొడుగు గొట్టంలోంచి వస్తుంది, అక్కడివాళ్లకూ ముక్కులున్నాయి. కానీ డీజిల్ ఇంజన్ చమురులో సగానికి పైగా వేడి కిందే తగలేస్తుంది, మోటారు అలా కాదు. పైగా తిరుమల ఘాట్ రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ బస్సులు దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత కరెంటు మళ్లీ బ్యాటరీకే చేరుతుంది. ఆ లెక్కన అమీర్‌పేట చౌరస్తాలో పడే బ్రేకులకు సగం ఊరు వెలగాలి.

ఒక్క విన్నపం. కొత్త బస్సు వచ్చినప్పుడు ఊగుతారు సరే, దానికి బదులుగా ఏ డొక్కు బస్సు రోడ్డు దిగిపోయిందో కూడా అదే స్టేజీ మీద చూపించండి. దానికీ ఓ దండ వేసి, ఇన్నేళ్లు మమ్మల్ని మోసినందుకు దండం పెట్టి, మీ చెల్లెలు ఎర్రజెండాను పిలిచి పంపించేద్దాం, నేనే కొబ్బరికాయ తెస్తాను. పాతది పోకుండా కొత్తది వస్తే పేపర్లో ఫొటో మారుతుంది గానీ స్టాపులో గాలి మారదు కదా.

వీలైతే ఒక రోజు పొద్దున ఎనిమిదిన్నరకు కోఠి రండి, 127కె ఎక్కుదాం. ఫుట్‌బోర్డు మీద చోటు దొరికితే మీరు బయటికి ఎగరొచ్చు, మీకు అలవాటేగా.

ఇట్లు,
బస్‌పాస్ ఉన్న ఒకడు

తా.క.: మీరు పాలిస్టర్ అని టైలరు చెప్పాడు. అంటే పెట్రోలియమే. ఎవరికీ చెప్పను లెండి.