ఇద్దరి మాటా రాసేస్తే తటస్థమైపోతామా?

నీళ్లతో నడిచే కారు కనిపెట్టానని ఒకాయన ప్రెస్‌మీట్ పెడతాడు. మర్నాడు వార్త ఎలా వస్తుందో చూడకుండానే చెప్పేయొచ్చు. హెడ్డింగ్‌లో కారు, లోపల ఐదు పేరాల నిండా ఆయన పట్టుదల, చివర్లో 'అయితే దీనిపై కొందరు నిపుణులు సందేహాలు వ్యక్తం చేస్తున్నారు' అని ఒక్క ముక్క. ఇద్దరి మాటా రాశాం, ఇక మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. తీరలేదు.

లీటరు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టాలంటే కనీసం 16 మెగాజౌల్స్ దాకా శక్తి ఖర్చవుతుంది. ఆ హైడ్రోజన్‌ని మళ్లీ మండిస్తే, ఎక్కడా ఏమీ వృథా కాలేదనుకున్నా, తిరిగొచ్చేది అంతే. మరి కారు దేంతో కదులుతుంది? ఇది ఎవరో నిపుణుడి సందేహం కాదండీ, లెక్క. దాన్ని చివరి పేరాలో అభిప్రాయంలా పడేస్తే పాఠకుడిని తప్పుదారి పట్టించినట్టే. అమెరికాలో స్టాన్లీ మేయర్ ఇలాంటి కారు పేరు చెప్పే పెట్టుబడులు తీసుకున్నాడు, 1996లో ఒహాయో కోర్టు అది పచ్చి మోసమని తేల్చి డబ్బు వెనక్కివ్వమంది.

అలాగని వింతగా ఉన్న ప్రతిదాన్నీ కొట్టిపారేయమనడం లేదు. 2011లో ఒపెరా అనే ప్రయోగం చేస్తున్న శాస్త్రవేత్తలకు న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే వచ్చినట్టు కనిపించింది. వాళ్లు తమ కొలతలన్నీ బయటపెట్టి, తప్పెక్కడుందో వెతకమని మిగతావాళ్లను అడిగారు. చివరికి ఒక ఫైబర్ కేబుల్ సరిగా బిగించకపోవడమే ముఖ్య కారణమని తేలింది. 1989 మార్చిలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు మాత్రం గాజు పాత్రలో, గది ఉష్ణోగ్రతలోనే ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం) సాధించామని, పూర్తి వివరాలు తోటి శాస్త్రవేత్తల చేతికి అందకముందే ప్రెస్‌మీట్‌లో ప్రకటించేశారు. వాళ్లు చెప్పినంత వేడి మామూలు ఫ్యూజన్ వల్లే పుట్టి ఉంటే, వెలువడే న్యూట్రాన్ల రేడియేషన్‌కు ఆ గదిలో ఉన్నవాళ్ల ప్రాణాలే పోవాలి. వాళ్లు నిక్షేపంగా మైకుల ముందు కూర్చున్నారు! ఆ రోజు హాల్లో అడగాల్సిన ప్రశ్న అదే.

ఈ రెండు సంఘటనలనూ ఒకే తూకంతో రాయడం తటస్థత ఎలా అవుతుంది? విలేఖరి ఎవరి పక్షమూ వహించకూడదు, నిజమే, కానీ కొలతకు విలువ ఇవ్వడం పక్షపాతం కాదు. అందుకే వార్త రాసే ముందు, ఆ కారు కనిపెట్టానన్న ఆయన్నే అడగాలి: మీరు కాకుండా ఇంకెవరు కొలిచారు, మా తరఫున ఒక ఇంజినీరు తన మీటరు తెచ్చి పెట్టుకోవచ్చా? కుదరదంటే, కుదరదన్నాడనే మొదటి వాక్యంలో రాయాలి.