పదివేల అడుగులు, ఒక నెయ్యి కారం దోశ

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ప్రతిరోజూ ఉదయం ఏడున్నరకల్లా ఒక ఫొటో ప్రత్యక్షమవుతుంది. అందులో మనిషి ఉండడు, మణికట్టు మాత్రమే ఉంటుంది. దానికొక గడియారం, గడియారంలో 10,214 అనో 11,030 అనో ఒక అంకె, కింద జోడించిన చేతుల బొమ్మ. మరుక్షణం ముప్పై బొటనవేళ్లు పైకి లేస్తాయి. రక్తదానం చేసినవారికి గానీ, పదో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లలకు గానీ దక్కని గౌరవం ఈ మణికట్టుకు దక్కుతున్నది. ఇంతటి మహత్కార్యం నిత్యం జరుగుతున్నా ఆ మణికట్టు గారి పొట్ట నాలుగేళ్లుగా ఒక్క అంగుళమైనా ఎందుకు తగ్గలేదని అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగరు. ఆ అమర్యాదకు ఈ వ్యాసం పూనుకుంటున్నది.

నగరాల్లో ఉదయపు నడక అంటే ఏమిటో తెలియని అమాయకుల కోసం ఆ క్రతువును కాస్త వివరించవలసి ఉన్నది. యజమాని ఐదున్నరకు లేచి, రెండో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి, సెల్లారులోని కారు తీసి, కిలోమీటరు దూరంలో ఉన్న పార్కుకు నడవడానికి వెళ్తారు. గేటు దగ్గర గడియారాన్ని భక్తితో ఒకసారి నొక్కి మొదటి అడుగు వేస్తారు. మొదటి మలుపులో రిటైర్డ్ ఇంజినీరు గారు, రెండో మలుపులో బ్యాంకు మేనేజరు గారు కలుస్తారు. కలిసిన ప్రతిచోటా ఆగి, అల్లుళ్ల వీసాలు, ప్లాట్ల ధరలు తేల్చుకోకుండా అడుగు ముందుకు పడదు. చివరికి నలుగురైదుగురు ట్రాక్ వెడల్పంతా పరుచుకొని, బ్యాండుమేళం వెనుక నడిచే పెళ్లివారి తీరుగా సాగుతారు. వెనుక నుంచి నిజంగా నడుస్తున్న అమ్మాయి ఎవరైనా వచ్చి “అంకుల్, కొంచెం దారి” అంటే, ఈ తరానికి ఓపిక లేదని ఏకగ్రీవంగా విచారిస్తారు. మూడో చుట్టుకు బెంచీ వస్తుంది. బెంచీ మీద కూర్చొని చేతులు ఊపుతూ రాజకీయాలు మాట్లాడినా గడియారం వాటిలో కొన్నింటిని అడుగులుగానే జమ చేసుకుంటుంది కనుక ఆ చర్చ కూడా వ్యాయామమే.

పార్కు బయట మొదట కాకరకాయ రసం. దాన్ని ఒక గ్లాసు, కళ్లు మూసుకొని, చేసిన పాపాలకు కాదు, చేయబోయే పాపానికి ముందస్తు ప్రాయశ్చిత్తంగా తాగుతారు. ఆ తరువాత పది గజాల దూరంలో టిఫిన్ బండి.

“ఏమండీ, ఈరోజు ఎంత అయింది?”

“ఎనిమిది వేల తొమ్మిది వందలండీ.”

“అయితే నెయ్యి కారం తినవచ్చు.”

“ఉప్మా పెసరట్టు చెప్పండి సార్, పెసలంటే ప్రొటీనే కదా.”

అప్పుడు మణికట్టు గారు గంభీరంగా, “బాబూ, నెయ్యి కాస్త తగ్గించు” అంటారు. మాస్టరు తల ఊపి ఎప్పటిలాగే గరిటె వంచుతాడు. తగ్గించమన్న మాట నోటి నుంచి వెలువడింది గనుక నెయ్యి తగ్గిపోయినట్టే అందరి మనసులూ కుదుటపడతాయి. అల్లం పచ్చడి రెండోసారి వస్తుంది. ఇక మిగిలిన పదకొండు వందల అడుగుల సంగతి: మణికట్టు గారు ప్లేటును బండి అంచున పెట్టి, కుడిచేత్తో దోశ తుంచుకుంటూ, గడియారం ఉన్న ఎడమచేతిని ఊపుతూ, ఉన్నచోటనే కవాతు చేస్తారు. చివరి ముక్కా, పదివేలో అడుగూ ఒకేసారి పూర్తయినప్పుడు ఆయన ముఖంలో కనిపించే తృప్తిని ఎవరెస్టు ఎక్కినవారిలో కూడా చూడలేము. చక్కెర తక్కువ టీతో క్రతువు ముగిసి, ఫొటో గ్రూపుకు చేరుతుంది.

లెక్క కష్టమైనది కాదు. డెబ్బై కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో, ఎక్కడా ఆగకుండా, గంటసేపు నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. అందులో డెబ్బై దాకా ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. మిగిలిన 180 కేలరీలను తిరిగి రాబట్టుకోవడానికి ఆ దోశలో సగం చాలు. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు కావాలి. అంటే రోజూ గంటసేపు నడిచి, నడిచానన్న నెపంతో ఇడ్లీ ముక్క కూడా అదనంగా తినకుండా ఉంటే, ఆరు వారాలకు ఒక కిలో. బరువు తగ్గడమన్నది ప్రధానంగా కంచంలో జరిగే పని. ఇంత చప్పటి సత్యానికి ఏ గ్రూపులోనూ బొటనవేళ్లు లేవవు.

ఆ పదివేల సంఖ్య మాత్రం ఏ వైద్యుడూ పరిశోధించి తేల్చినది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి ఎంచుకున్న గుండ్రటి అంకె అది. అమెరికాలో పదహారు వేలకు పైగా వృద్ధ మహిళలను గమనించి 2019లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కన్నా 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఆ మేలు పెరగడం 7,500 దగ్గరకు వచ్చేసరికి ఇంచుమించు నిలిచిపోయింది. కాబట్టి నడక వ్యర్థమని ఎవరైనా అంటే అది అబద్ధం. భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నడక రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది, గుండెకు మంచిది, నిద్రకు మంచిది. దేశంలో పది కోట్లకు పైగా మధుమేహులున్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం లెక్కగట్టిన తరువాత ఈ మేలును చిన్నచూపు చూడడానికి వీలులేదు. అయితే నడకలో ఊపు ఉండాలి: నిమిషానికి వంద అడుగులు, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి శ్రమను వారానికి 150 నుంచి 300 నిమిషాలు చేయమని, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని 2020లో చెప్పింది. కండరాల సంగతి ఎత్తితే మన వాకర్స్ సంఘం వారు, సంతకాలు పెట్టే కుడిచేతికి అదివరకే చాలా పని ఉన్నదంటారు.

1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చొనే డ్రైవర్లకన్నా, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని చూపించారు. మరో మూడేళ్లకు వారి యూనిఫారం కొలతలు తీయించి, డ్రైవర్ల ప్యాంట్ల నడుములు చిన్న వయసులోనే పెద్దవిగా ఉన్నాయని ఆయనే బయటపెట్టారు. అంటే ఆ తేడాలో కొంత ఉద్యోగానికి ముందునుంచే ఉండి ఉండవచ్చు కనుక, ఒక్క నడకకే కీర్తి మొత్తం కట్టబెట్టడానికి అంతటివాడే తొందరపడలేదు. ఇంకొకటి: ఆ కండక్టర్లు జీతం కోసం ఎక్కినవి మెట్లు. మనవారు ఆరోగ్యం కోసం దిగినది లిఫ్టు.

ఇక ఆ కారు సంగతి. అది ఎక్కడ ఆగి ఉన్నది? పార్కు గోడవెంట, ఫుట్‌పాత్ మీద. దాని వెనుక మరో ఇరవై కార్లు. ఆ వేళకు ఆ దారిన వచ్చేది మన అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమే ఆడవాళ్లు, రాత్రి కాపలా దిగి మొదటి బస్సుకు పోయే వాచ్‌మన్లు, చీపుళ్లు మోసుకొచ్చే మున్సిపల్ కార్మికులు. వారంతా రోడ్డు మీదికి దిగి, వెనుక నుంచి దూసుకొచ్చే పాల వ్యాన్లను తప్పించుకుంటూ నడుస్తారు. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల దారి నడిచేవారికి వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన. ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఒక్క సంవత్సరంలో ఈ దేశపు రోడ్ల మీద 32 వేలమందికి పైగా పాదచారులు చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఇవన్నీ దినపత్రికలో చదివి, “అయ్యో” అని, పత్రిక మడిచి, కారు తాళాలు తీసుకొని వస్తారు. పొట్ట కరిగించుకోవడానికి నడిచేవాడు, పొట్ట గడవడానికి నడిచేవాళ్ల దారిని కబ్జా చేస్తున్నాడు. పైగా ఆరోగ్యస్పృహ ఉన్న పౌరుడిగా చెలామణి అవుతున్నాడు. సిగ్గు అన్న పదార్థం కేలరీలలో కొలిచేది కాదు గనుక దాని లోపం ఏ గడియారంలోనూ కనబడదు.

మణికట్టు గారింట్లో పనిచేసే మనిషి రోజూ బస్తీ నుంచి రానూపోనూ నడిచి, మధ్యలో నాలుగిళ్ల మెట్లు ఎక్కి దిగుతుంది. ఈమధ్య ఆమె మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని చెప్పుకున్నది. “రోజూ కాసేపు నడువమ్మా, నొప్పులవే పోతాయి. మా సారును చూడు” అని ఇంటావిడ సలహా ఇచ్చారు. ఆమె సరేనమ్మా అని, తడిగుడ్డ పిండి, హాలు తుడవడానికి వంగింది.

ఇంతలో వాకర్స్ సంఘం వారు కార్పొరేటరు గారికి వినతిపత్రం సమర్పించారు. పార్కు వద్ద వాహనాలు నిలుపుకోవడానికి చోటు చాలక వాకర్లు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారనీ, బయటి ఫుట్‌పాత్ మీద ఎవరూ నడవడం లేదని సంఘం స్వయంగా పరిశీలించి నిర్ధారించిందనీ, కావున దానిని తొలగించి వాకర్ల సౌకర్యార్థం పార్కింగ్ స్థలంగా మార్చాలనీ అందులో కోరారు. కార్పొరేటరు గారు సానుకూలంగా స్పందించి, ఆదివారం ఉదయం స్వయంగా స్థలం చూడడానికి వస్తానన్నారు. ఆయన కారు ఎక్కడ ఆపించాలన్న విషయమై సంఘంలో ప్రస్తుతం తర్జనభర్జన జరుగుతున్నది.