ఉంగరం మీరే ఉంచుకోండి, గోఫ్ జోలికి మాత్రం రాకండి

పొద్దున్నే ఫోను తెరిస్తే కుటుంబ వాట్సాప్ గ్రూపులో మా తోడల్లుడి ఫొటో. ఉండేది లాస్ ఏంజెలెస్. ఒంటి మీద అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రామ్స్ జెర్సీ, వీపున 9, దాని పైన స్టాఫర్డ్ అన్న పేరు. కింద ఒక వాక్యం: "అన్నయ్యా, ఇంత మంచి క్వార్టర్‌బ్యాక్‌ని మాకు ఉచితంగా ఇచ్చినందుకు మీ డెట్రాయిట్‌కు కృతజ్ఞతలు." ఆ ఆటలో బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో కూడా తెలియని మా అత్తగారు వెంటనే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మా ఆవిడ పగలబడి నవ్వే బొమ్మ పెట్టింది. నా ఇంట్లోనే ఉంటూ!

గ్రూపులో గొడవ ఎందుకని అక్కడ ఏమీ అనలేదు. అందుకే మన ఈ తెలుగు గ్రూపులో రాస్తున్నాను. మిషిగన్‌లో ఉండి మా డెట్రాయిట్ జట్టు లయన్స్‌తో పాటు ఏడ్చినవాళ్లకు నా బాధ వేరే చెప్పనక్కర్లేదు.

ఉచితంగానట!

క్రికెట్ తప్ప ఇంకేదీ చూడనివారి కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు ప్రతి ఎత్తూ అతని చేతి నుంచే మొదలవుతుంది. గెలిస్తే దేవుడు, ఓడితే ఊరంతా తిట్టిపోస్తుంది. జట్టు మొత్తం జీతాలకు లీగు ఒక పరిమితి పెడుతుంది కాబట్టి అతనొక్కడికే కుప్పలు పోస్తే మిగతావాళ్లకు మిగిలేది తక్కువ. ఇక డ్రాఫ్ట్ అని ఒకటుంది. ఏటా వసంతంలో జట్లు వంతుల వారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి, ఎక్కువ ఓడిన జట్టుకు ముందు వంతు. ఆ వంతుల పేరే పిక్. వాటిని ఇచ్చిపుచ్చుకోవచ్చు. మొదటి రౌండ్ పిక్‌తో వచ్చిన కుర్రాడు బాగా ఆడితే, అదే స్థాయి సీనియర్‌కు ఇచ్చేదానిలో చిన్న ముక్కకే నాలుగేళ్లు పనిచేస్తాడు. స్టార్‌ని ఇచ్చి పిక్స్ తెచ్చుకోవడంలోని లెక్కంతా ఇదే. దీన్ని మా తోడల్లుడికి ఎన్నిసార్లు చెప్పినా "అదంతా సరే అన్నయ్యా, ఉంగరం ఏదీ?" అంటాడు. ఉంగరం అంటే సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచినవాళ్లకు ఇచ్చేది. రామ్స్ 2022 ఫిబ్రవరిలో సిన్సినాటి మీద 23-20తో గెలిచారు, స్టాఫర్డ్ అక్కడికి వెళ్లిన మొదటి సీజన్‌లోనే. ఒప్పుకుంటున్నాను. ఆ రోజు డెట్రాయిట్‌లో సగం మంది అతని కోసమే టీవీ ముందు కూర్చున్నారు, నాతో సహా.

ఇప్పుడు ఆ "ఉచితం" సంగతి చూద్దాం. 2021 జనవరి. స్టాఫర్డ్ తానే వెళ్తానన్నాడు. రామ్స్ మాకు తమ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గోఫ్‌ని ఇచ్చారు, 2021లో మూడో రౌండ్ పిక్ ఇచ్చారు, 2022, 2023 సంవత్సరాల మొదటి రౌండ్ పిక్స్ ఇచ్చారు. ఇందులో గోఫ్‌ని బహుమతిగా ఇవ్వలేదు, అంటగట్టారు. 2016 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్, 2019 ఫిబ్రవరిలో రామ్స్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లినవాడు. అక్కడ న్యూ ఇంగ్లండ్ చేతిలో 13-3తో ఓడిపోయాడు. అదే ఏడాది 13.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చి, రెండేళ్లు కాకముందే "ఈ బరువు కూడా మీరే మోయండి, అందుకు ఇంకో మొదటి రౌండ్ పిక్ కలుపుతాం" అన్నారు. అప్పట్లో టీవీ పండితులు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

మొదటి ఏడాది మేము 3 గెలిచి 13 ఓడాం, ఒకటి టై. "చూశారా, మునిగిపోయారు" అన్నారు. మరుసటి ఏడాది మొదటి ఏడింటిలో ఆరు ఓడిపోయి, తర్వాత ఎలా లేచారో గానీ 9-8తో ముగించారు. ఆఖరి రాత్రి గ్రీన్ బే వాళ్ల సొంత మైదానానికే వెళ్లి వాళ్లను ప్లేఆఫ్స్ బయటికి నెట్టారు. మరి ఆ సీజన్‌లో ఉంగరం తొడుక్కున్న మా తోడల్లుడి రామ్స్ ఏం చేశారు? 5 గెలుపులు, 12 ఓటములు! ఛాంపియన్లు! వాళ్ల మొదటి రౌండ్ పిక్ మాదే కాబట్టి వాళ్లు ఓడిన ప్రతి ఆదివారం మా ఇంట్లో పాయసం. ఆ పిక్ ఆరో స్థానానికి ఎగబాకింది. దాన్ని అరిజోనాకు ఇచ్చి కిందికి దిగి 12లో జమీర్ గిబ్స్‌ని, 34లో సామ్ లపోర్టాని తెచ్చుకున్నాం. గిబ్స్ లాంటి రన్నింగ్ బ్యాక్‌ని, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడిని, అంత ముందు తీసుకుంటారా అని మళ్లీ నవ్వులు. ఆ రన్నింగ్ బ్యాక్ 2024లో 20 టచ్‌డౌన్లు చేశాడు. లపోర్టా మొదటి ఏడాదే 86 పాసులు పట్టాడు, అతను ఆడే టైట్ ఎండ్ అనే స్థానంలో అప్పటిదాకా ఏ కొత్త కుర్రాడికీ లేని లెక్క. అంతకుముందు ఏడాది రామ్స్ పిక్‌ని ఇంకో రెండింటితో కలిపి మిన్నెసోటాకు ఇచ్చి ముందుకు వెళ్లి జేమ్‌సన్ విలియమ్స్‌ని తెచ్చుకున్నాం. ఉచితంగా ఇచ్చినవాళ్లం మేము!

2022 డ్రాఫ్ట్‌లో మేము తెచ్చుకున్న హచిన్సన్ పేరెత్తితే "అతను ఆ బేరంలో రాలేదు కదా అన్నయ్యా, మీరు ఓడిపోయినందుకు వచ్చాడు" అంటాడు మా తోడల్లుడు. అవును నాయనా. స్టార్ వెళ్లిపోయాడు కాబట్టి ఓడాం, ఓడాం కాబట్టి రెండో పిక్ వచ్చింది. అదీ ఈ లెక్కలోనే రాసుకో.

2024 జనవరి 14 గురించి చెప్పకుండా ఈ పోస్టు ముగించలేను. ప్లేఆఫ్స్‌లో మొదటి మ్యాచ్, మా సొంత మైదానం ఫోర్డ్ ఫీల్డ్‌లో, ఎదురుగా అదే రామ్స్, అదే స్టాఫర్డ్. అతను మైదానంలోకి రాగానే స్టేడియం అంతా అరిచి గోల చేసింది. పన్నెండేళ్లు మా కోసం దెబ్బలు తిన్నవాడిని అలా అంటారా అని సుద్దులు చెప్పినవాళ్లు ఉన్నారు. 2009లో క్లీవ్‌లాండ్ మీద భుజం జారిపోయినా లేచి వచ్చి, గడియారంలో సమయం అయిపోయాక గెలుపు పాసు వేసింది అతనే, 38-37. అది మరిచిపోయినవాడు లయన్స్ అభిమానే కాదు. అయినా ఆ రాత్రి అతను అవతలి వైపు ఉన్నాడు. 32 ఏళ్లుగా మాకు ప్లేఆఫ్స్‌లో ఒక్క గెలుపు లేదు. ఆ రాత్రి 24-23. చివరికి వేలమంది గొంతులు కలిపి "జారెడ్ గోఫ్" అని పాడాయి, రామ్స్ చెత్తబుట్టలో వేసిన పేరు! నోవై, ట్రాయ్, కాంటన్ వైపు తెలుగువాళ్ల ఇళ్లల్లో ఆ రాత్రి ఎవరైనా నిద్రపోయి ఉంటే వాళ్లను ఈ గ్రూపులోంచి తీసేయండి.

అదే ప్లేఆఫ్స్‌లో తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో మీద సగం ఆటకు 24-7 ఆధిక్యంలో ఉండి 34-31తో ఓడిన సంగతి ఎవరూ ఎత్తవద్దు. నేనూ ఎత్తను.

"స్టార్‌ని వదిలేస్తే జట్టు నాశనం" అనేవాళ్లను డెన్వర్ వెళ్లి చూసి రమ్మనండి. 2022లో రసెల్ విల్సన్ కోసం రెండు మొదటి రౌండ్, రెండు రెండో రౌండ్ పిక్స్, పైగా ముగ్గురు ఆటగాళ్లను సియాటిల్‌కు పోశారు. అతనికి 24 కోట్ల డాలర్లు దాటిన కొత్త ఒప్పందం కూడా రాసిచ్చారు. రెండేళ్లకే ఇంటికి పంపి, ఆడని మనిషి పేరున 8.5 కోట్ల డాలర్ల భారం పుస్తకాల్లో మోశారు. సియాటిల్ ఆ పిక్స్‌తో చార్లెస్ క్రాస్‌ని, డెవాన్ విదర్‌స్పూన్‌ని తెచ్చుకుంది. క్లీవ్‌లాండ్ అయితే డిషాన్ వాట్సన్‌కు మూడు మొదటి రౌండ్ పిక్స్, 23 కోట్ల డాలర్ల పూర్తి హామీ... వద్దులెండి, క్లీవ్‌లాండ్‌ని తిట్టడానికి నాకే జాలేస్తుంది.

బేరం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. ఇచ్చి ఊరుకోవడం కాదు. ఈ మాట అనగానే నాకు డేవిడ్ వార్నర్ గుర్తొస్తాడు, రక్తం మరుగుతుంది. 2016లో 848 పరుగులు కొట్టి హైదరాబాద్‌కు కప్పు తెచ్చినవాడు. తెలుగు పాటలకు ఇంట్లో పిల్లలతో కలిసి స్టెప్పులు వేసి ఊరూరా మనవాడైపోయినవాడు. 2021 మేలో సీజన్ మధ్యలో కెప్టెన్సీ పీకేశారు. తర్వాత జట్టులోంచే తీసేశారు. అదే ఏడాది నవంబరులో అతను టీ20 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడు! మన సన్‌రైజర్స్ అతన్ని వదిలేసింది. మార్చుకుని ఎవరినైనా తెచ్చుకుందా? లేదు. చేతులు దులుపుకుంది. ఢిల్లీ 6.25 కోట్లకు ఎగరేసుకుపోయింది. రషీద్ ఖాన్‌ని కూడా అలాగే వదిలేస్తే గుజరాత్ తొలి సీజన్‌లోనే కప్పు ఎత్తింది. మనం 2022లో ఎనిమిదో స్థానం, 2023లో పదో స్థానం. పది జట్లే ఉన్నాయి కాబట్టి అక్కడ ఆగాం. ఐపీఎల్‌లో ఆటగాళ్లను మార్చుకునే పద్ధతి లేదా? ఉంది. హార్దిక్ పాండ్యా అలాగే ముంబయికి వెళ్లాడు. మనవాళ్లకు మాత్రం అప్పుడు ఆ దారి కనపడలేదు. ఆ కోపం నాకు జన్మలో తీరదు. అందుకే డెట్రాయిట్ చేసిన బేరాన్ని ఎవరైనా వెక్కిరిస్తే నాకు ఇంత మంట.

డెట్రాయిట్ ఎప్పుడూ తెలివిగా చేసిందని నేను అనను. 1958 అక్టోబరులో మా క్వార్టర్‌బ్యాక్ బాబీ లేన్‌ని పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేశారు. లీగు ఛాంపియన్లుగా నిలిచి అప్పటికి ఏడాది కాలేదు. పోతూ పోతూ యాభై ఏళ్లు మీరు గెలవరని శాపం పెట్టాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. పెట్టాడో లేదో గానీ సరిగ్గా యాభై ఏళ్లకు, 2008లో, 16 ఆడి 16 ఓడాం. ఆ ఓటముల పుణ్యమా అని 2009 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా వచ్చింది స్టాఫర్డ్. డాలస్‌లో లేన్ చదివిన హైలాండ్ పార్క్ బడిలోనే చదివినవాడు! జాతకాలు నమ్మని నేను కూడా ఇక్కడ కాస్త తడబడతాను.

అలాంటివాడు చేతికి వస్తే ఏం చేశారు? ఖరీదైన ఇంజిన్ కొని, బండికి చక్రాలు బిగించడం మరిచిపోయారు. కార్లు తయారుచేసే కుటుంబం చేతిలో ఉన్న జట్టు ఇది! 2013 థాంక్స్‌గివింగ్ తర్వాత 2018 సెప్టెంబరు దాకా మా రన్నింగ్ బ్యాక్ ఒక్కడంటే ఒక్కడు ఒక్క మ్యాచ్‌లో కూడా 100 గజాలు దాటలేదు. భారమంతా స్టాఫర్డ్ చేతి మీదే. పన్నెండేళ్లలో ప్లేఆఫ్స్‌కు మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ ఓడాం. అందులో డాలస్ మ్యాచ్‌లో రిఫరీ డాలస్ ఆటగాడిదే తప్పని జెండా వేసి ప్రకటించి, మళ్లీ ఆ జెండా తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు ఏ దర్జీ కుట్టాడో తెలిస్తే బాగుండు.

అందుకే మా తోడల్లుడికి నా అసలు జవాబు ఇది. స్టాఫర్డ్ వెళ్లడం నష్టం కాదు, అంతకు ముందు అతన్ని పెట్టుకుని వృథా చేయడం నష్టం. ఫోర్డ్ కుటుంబానికి ఇది పాత అలవాటు. మా గొప్ప రన్నింగ్ బ్యాక్ బ్యారీ శాండర్స్ 1999లో ఎలా వెళ్లిపోయాడు? 31 ఏళ్ల వయసులో, బంతితో పరుగెత్తిన మొత్తం గజాల్లో వాల్టర్ పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో, సొంత ఊరి పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. పది సీజన్లకు ప్లేఆఫ్స్‌లో అతనికి దక్కింది ఒక్క గెలుపు. అప్పుడు వీళ్లు చేసిందేమిటి? బోనస్ డబ్బు వెనక్కి కట్టమని మధ్యవర్తి దగ్గరికి లాగారు. మా ఇంకో స్టార్ కాల్విన్ జాన్సన్ తొమ్మిదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని రిటైరైతే అతని దగ్గరా పది లక్షల డాలర్లకు పైగా వసూలు చేశారు. ఇప్పుడేమో స్టేడియం బయట శాండర్స్‌కు కంచు విగ్రహం! పక్కన నిలబడి ఫొటోలు!

ఇంకొక జట్టుకు పంపమని శాండర్స్ తరఫువాళ్లు అడిగినప్పుడే పంపి ఉంటే అతనికి పేటన్ రికార్డు దక్కేది, మాకు పిక్స్ దక్కేవి. అయినా వచ్చి ఏం లాభం? 2001లో మాట్ మిలెన్‌ని తెచ్చి జట్టు అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు కదా. 2003, 2004, 2005 వరుసగా మూడేళ్లు మొదటి రౌండ్‌లో ఒక్కో వైడ్ రిసీవర్‌ని, అంటే పాసులు పట్టేవాడిని, తీసుకున్న మహానుభావుడు. ఆ పిక్స్ కూడా అతని చేతికి చిక్కి ఉంటే ఇంకో ఇద్దరు వైడ్ రిసీవర్లు వచ్చేవాళ్లు.