పాత ఇంజిన్ గట్టిదా, బాగుచేసుకోవడం తేలికా?

కొండలు, వాగులు, అడవి దారుల్లో బండ్లు నడిపేవారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని పాత పెద్ద ఇంజిన్లే గతుకుల దారికి నమ్మదగినవి, చిన్న ఇంజిన్‌కు టర్బో తగిలించి శక్తి పిండితే అది మన్నదు, ఎత్తైన కొండల మీద టర్బో చేతులెత్తేస్తుంది, నీళ్లలో దిగితే కంప్యూటర్ పోయి బండి ఆగిపోతుంది, పాత బండ్లు ఐదు లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజిన్ విప్పే అవసరం రాలేదు, పాడైనా ఏ పల్లెటూరి మెకానిక్కైనా బాగుచేయగలడు. ఇందులో చివరి మాట చాలావరకు నిజం, దాని సంగతి చివర చెబుతాను. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా మన్నిక మాట. ఈ వాదన చేసేవారు తరచుగా చూపే ఉదాహరణ టయోటా టండ్రా. ఆ ట్రక్కులో 5.7 లీటర్ల టర్బో లేని వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) స్థానంలో 3.4 లీటర్ల జంట టర్బోల వి6 (ఆరు సిలిండర్లది) వచ్చింది, 2024 మే నెలలో అమెరికాలో టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్ కలిపి సుమారు లక్ష బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించింది. ఇంతవరకు నిజమే. అయితే కంపెనీ చెప్పిన కారణం టర్బో కాదు. కర్మాగారంలో ఇంజిన్‌ను మలిచినప్పుడు మిగిలిపోయిన లోహపు రజను పూర్తిగా శుభ్రం కాక మెయిన్ బేరింగులను దెబ్బతీయడం. ఆ తరువాత ఏడాది తిరగకముందే, 2025 ఏప్రిల్‌లో, జనరల్ మోటార్స్ అదే దేశంలో దాదాపు ఆరు లక్షల ట్రక్కులను, ఎస్‌యూవీలను వెనక్కి పిలిపించింది. వాటిలో ఉన్నది 6.2 లీటర్ల వి8, దానికి టర్బో లేనేలేదు. లోపం క్రాంక్‌షాఫ్ట్‌లో, పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లలో. పరీక్షలో నెగ్గిన బండ్లకు మరింత చిక్కటి ఆయిల్ పోసి పంపించారు. సందేశం రాసినవారు మొదటి కథను మాత్రమే చెప్పి రెండోదాన్ని వదిలేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంజిన్ పరిమాణం కంటే దాన్ని ఎంత శుభ్రంగా, ఎంత కచ్చితమైన కొలతలతో తయారుచేశారన్నదే ఇక్కడ తేడా తెచ్చిందని అర్థమవుతుంది.

శక్తి విషయానికి వస్తే, పెద్ద ఇంజిన్‌కే లాగుడు ఉంటుందన్న నమ్మకం అంకెల ముందు నిలవదు. మొండితనానికి ప్రపంచమంతా పేరుపడిన టయోటా 1హెచ్‌జెడ్ డీజిల్ 4.2 లీటర్లది, ఆరు సిలిండర్లది. దాని టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 285 న్యూటన్ మీటర్లు. అందులో దాదాపు సగం పరిమాణమే ఉన్న 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్, 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో, 1,600 ఆర్‌పీఎం నుంచే 300 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. ఆస్ట్రేలియాలో అమ్మే 70 సిరీస్ ల్యాండ్ క్రూజర్ సంగతి ఇంకా ఆసక్తికరమైనది: అక్కడ 4.5 లీటర్ల వి8 డీజిల్ 430 న్యూటన్ మీటర్లు ఇచ్చేది, తరువాత వచ్చిన 2.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ 500 ఇస్తోంది, గరిష్ఠ శక్తి మాత్రం రెండింటికీ దాదాపు సమానం. టర్బో అందుకోకముందు, వెయ్యి ఆర్‌పీఎం దగ్గర, చిన్న ఇంజిన్ చిన్న ఇంజినే అన్న అభ్యంతరంలో పస ఉంది. కానీ రాళ్ల మీద పాకించేటప్పుడు ఎవరూ మామూలు గేర్లలో నడపరు. ఫోర్ లో, అంటే వేగం తగ్గించి లాగుడు పెంచే అదనపు గేరు, వేస్తే చక్రానికి చేరే టార్క్ థార్‌లో సుమారు రెండున్నర రెట్లు, మారుతి జిమ్నీలో సుమారు రెండు రెట్లు పెరుగుతుంది. జిమ్నీ ఇంజిన్‌కు టర్బో లేదు, దాని టార్క్ 134 న్యూటన్ మీటర్లే, అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గర. అయినా అది ఎక్కని గుట్ట తక్కువ, ఎందుకంటే బండి తేలిక. దారి ఎక్కించేది ఒక్క ఇంజినే అనుకోవడం ఈ చర్చలన్నిటిలోనూ కనిపించే పొరపాటు.

కొండల మీద టర్బో విఫలమవుతుందన్న మాట పూర్తిగా తలకిందులైనది. 5,359 మీటర్ల ఎత్తున్న లడఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు సగం. టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలి ఆ మేరకు తగ్గిపోతుంది, దానితోపాటే శక్తి కూడా. టర్బో పలుచని గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది కాబట్టి ఆ నష్టంలో చాలా భాగాన్ని పూడుస్తుంది, మొత్తం పూడ్చదు. ఇంజిన్‌కు డీజిల్ పంపే పాత మెకానికల్ పంపులు చాలావాటికి గాలి తగ్గిన సంగతే తెలియదు, మైదానంలో పోసినంత డీజిలే అక్కడా పోస్తాయి. ఘాట్‌లో పాత జీపు వెనక వెళ్లినవారికి ఆ నల్లటి పొగ గుర్తుండే ఉంటుంది.

నీళ్ల దగ్గర సందేశం భయపెట్టేది కంప్యూటర్ గురించి. వాగులో ఇంజిన్‌ను నిజంగా చంపేది, గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్‌లోకి చేరే నీరు. నీరు గాలిలా నలగదు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిళ్లలో (డీజిల్‌ను సిలిండర్ పక్కనున్న చిన్న గదిలోకి చిమ్మేవి) కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క, 20కి పైనే ఉండేది, ఇప్పటి కామన్‌రైల్ ఇంజిన్లలో (కంప్యూటర్ అదుపులో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మేవి) అది 16 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పాతదానిలో పిస్టన్ పైన మిగిలే చోటు ఇంకా తక్కువ, దాన్ని చెడగొట్టడానికి కావలసిన నీళ్లూ తక్కువే. పాత పెట్రోల్ బండ్లలోనైతే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తడిసి నడివాగులో ఆగిపోవడం మామూలే. ఎంత లోతుకు దిగవచ్చన్నది ఇంజిన్ వయసును బట్టి కాక, ఆ గొట్టం ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ఐదు లక్షల కిలోమీటర్ల మాట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 'ఇంజిన్ బోరుకొచ్చింది' అన్న మాట తెలుగులో అంతగా పాతుకుపోవడానికి కారణమే ఆ కాలపు ఇంజిన్లు. బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు మార్పించి మళ్లీ రోడ్డెక్కించిన బండిని విప్పని బండి కింద లెక్కగట్టడం న్యాయం కాదు. పైగా తుక్కుకు వెళ్లినవి ఇప్పుడు మన కళ్లకు కనిపించవు, మిగిలినవే కనిపిస్తాయి.

ఇక నిజమున్న మాట. మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఒకసారి అంటుకుంటే, ఇంజిన్‌ను ఆపే సాలినాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే వాల్వుకు) తప్ప, దానికి కరెంటుతో దాదాపు పని ఉండదు. కామన్‌రైల్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సార్ ఒక్కటి పోతే బండి అక్కడికక్కడే నిలిచిపోవచ్చు. అడవి మధ్యలో స్పానర్లతో అయ్యే పనికీ, స్కానర్ కోసం పట్నం వెళ్లవలసిన పనికీ ఉన్న తేడా చిన్నది కాదు. వేల బార్ల ఒత్తిడితో పనిచేసే ఇంజెక్టర్లు నీరు కలిసిన డీజిల్‌ను ఏమాత్రం సహించవు. నెలల తరబడి సర్వీస్ సెంటర్ దొరకని చోట్ల తిరిగేవారు పాత ఇంజిన్‌ను ఎంచుకుంటే నేను తప్పుపట్టను. అయితే అది తేలికగా బాగుచేసుకోగలగడం. తక్కువగా పాడవడం వేరు. సందేశం ఈ రెండింటినీ కలిపేసింది.

విచిత్రమేమిటంటే, కొత్త డీజిళ్ల మీద చేయదగిన అన్నిటికన్నా బలమైన ఫిర్యాదు ఆ సందేశంలో లేనేలేదు. అది పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్. పైన చెప్పిన 2.8 లీటర్ల ఇంజిన్ ఉన్నవాటితో సహా 2015 అక్టోబర్ నుంచి 2020 ఏప్రిల్ వరకు ఆస్ట్రేలియాలో అమ్మిన 2 లక్షల 60 వేలకు పైగా టయోటా డీజిల్ బండ్లలో ఆ వ్యవస్థ లోపభూయిష్టమని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణం అమలులోకి వచ్చాక డీజిల్ ఎస్‌యూవీలకు ఈ ఫిల్టర్ తప్పనిసరి అయింది. అది తనలోని మసిని కాల్చుకోవాలంటే బాగా వేడెక్కాలి. రోజంతా ఫోర్ లోలో నత్తనడక నడిచే బండిలో ఆ వేడి పుట్టదు. అందుకే అనంతగిరిలోనో మారేడుమిల్లిలోనో దినమంతా రాళ్ల మీద తిప్పినవారు, తిరుగు ప్రయాణంలో హైవే మీద ఓ అరగంట ఆగకుండా ఒకే వేగంతో నడపడం, డీపీఎఫ్ హెచ్చరిక దీపం వెలిగితే మసి కాలడం పూర్తయ్యేదాకా ఇంజిన్ ఆపకపోవడం మంచిది.